నలుగురిలో ఒక మాట, నాలుగు గోడల మధ్య ఇంకో మాట: టెలికాం కంపెనీలు సర్కారుతో ఎలా మాట్లాడాలి?

2019 దసరా రోజులు గుర్తున్నాయా? ఫోన్ మోగేది. వంటింట్లో చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని హాల్లోకి వచ్చేసరికి ఆగిపోయేది. అవతలివాళ్లు తొందరపడి పెట్టేశారేమో అనుకుని మనమే తిరిగి చేసేవాళ్లం. నిజానికి వాళ్లు పెట్టలేదు, రింగును నెట్‌వర్కే కత్తిరించింది. అప్పటిదాకా అర నిమిషం దాటి మోగే ఫోన్‌ను జియో 20 సెకన్లకు కుదించింది. ఎయిర్‌టెల్ ముందు గోల పెట్టింది, తర్వాత తనూ 25 సెకన్లకు దిగింది.

దీని వెనక ఉన్నది 6 పైసలు. ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకో నెట్‌వర్క్‌కు కాల్ వెళ్తే, చేసినవాళ్ల కంపెనీ అందుకున్నవాళ్ల కంపెనీకి నిమిషానికి ఇంత అని కట్టాలి. దీన్ని ఐయూసీ అనేవారు. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ దాన్ని 14 పైసల నుంచి 6కు తగ్గించింది, 2020 జనవరి నుంచి పూర్తిగా ఎత్తేస్తామంది. ఇప్పుడు లెక్క చూడండి. జియో నుంచి ఎయిర్‌టెల్‌కు కాల్ వెళ్తే జియో కట్టాలి. రింగు తొందరగా ఆగిపోయి ఎయిర్‌టెల్ మనిషి తిరిగి చేస్తే ఎయిర్‌టెల్ కట్టాలి. అంటే మన చేతి తడి ఆరేలోపు డబ్బు ప్రవహించే దిక్కు మారిపోతుంది.

జియో ఇదంతా మోసమేం కాదంది. తమ దగ్గర కాల్స్ ఉచితం కాబట్టి పక్క నెట్‌వర్కుల జనమే రోజుకు 25 నుంచి 30 కోట్ల మిస్డ్ కాల్స్ తమకు ఇస్తున్నారనీ, తిరిగి చేసి తామే నష్టపోతున్నామనీ వాదించింది. ఎయిర్‌టెల్ ట్రాయ్‌కు లేఖ రాసింది, జియో జవాబు రాసింది. రెండు పక్షాలూ ఎత్తుకున్న పాట ఒకటే: వినియోగదారుడి మేలు. చివరికి నవంబరులో ట్రాయ్ కల్పించుకుని మొబైల్‌కు 30 సెకన్లు, ల్యాండ్‌లైన్‌కు 60 సెకన్లు రింగవ్వాలని తేల్చింది. ఐయూసీ మాత్రం అనుకున్నదానికి ఏడాది ఆలస్యంగా, 2021 జనవరి 1న సున్నా అయింది.

ఈ చిన్న గొడవలో మన పెద్ద ప్రశ్న మొత్తం ఉంది. కంపెనీ తన లాభం కోసం ప్రభుత్వాన్ని అడగడం తప్పా? నా లెక్కలో కాదు. రైతు గిట్టుబాటు ధర అడుగుతాడు, లారీ యజమాని డీజిల్ ధర తగ్గించమంటాడు. టెలికాం కంపెనీ 6 పైసలు ఉంచమనో తీసేయమనో అడుగుతుంది. చూడాల్సింది అడిగిన తీరు. నలుగురిలో చెప్పిన మాట, నాలుగు గోడల మధ్య చెప్పిన మాట ఒకటేనా? తన స్వార్థాన్ని తన పేరుతోనే చెప్పిందా, ఇంకొకరి నోట పలికించిందా?

ఈ వ్యాపారంలో సర్కారు జోలికి పోకుండా బతకడం కుదరదు. గాల్లో తిరిగే తరంగాలు, అంటే స్పెక్ట్రం, ప్రజల ఆస్తి, వాటిని వేలం వేసేది ప్రభుత్వం. లైసెన్సు ఇచ్చేదీ, టవర్‌కు అనుమతి ఇచ్చేదీ, రోడ్డు తవ్వి కేబుల్ వెయ్యనిచ్చేదీ ఏదో ఒక ప్రభుత్వ ఆఫీసే. పైగా మన దేశంలో సర్కారు ఒంటి మీద చాలా చొక్కాలున్నాయి. బీఎస్‌ఎన్‌ఎల్ దానిదే. 2025 ఏప్రిల్‌లో బకాయిలను షేర్లుగా మార్చుకున్నాక వొడాఫోన్ ఐడియాలో 49 శాతం దాకా వాటా దానిదే. అంపైరూ అదే, ఒక జట్టుకు యజమానీ అదే, పక్క జట్టులో పెద్ద వాటాదారూ అదే.

ఒక్క పదానికి అర్థం మారితే ఎంత నష్టమో చెప్పడానికి ఏజీఆర్ (సర్కారుకు వాటా ఇవ్వడానికి లెక్కించే ఆదాయం) కేసు చాలు. 1999 విధానంలో కంపెనీలు స్థిరమైన ఫీజు వదిలి ఆదాయంలో వాటా ఇస్తామని ఒప్పుకున్నాయి. అయితే ఏది ఆదాయం? ఫోన్ బిల్లు మాత్రమేనా, బ్యాంకు వడ్డీ, ఇంటి అద్దె, తుక్కు అమ్మిన డబ్బు కూడానా? కోర్టుల్లో ఏళ్లు గడిచాయి. 2019 అక్టోబర్ 24న సుప్రీంకోర్టు అన్నీ ఆదాయమేనంది. బకాయిలు 92 వేల కోట్ల పైమాటే అన్నారు. 2021 సెప్టెంబరులో కేబినెట్ ఆ నిర్వచనాన్ని సడలించి టెలికాంకు సంబంధం లేని ఆదాయాన్ని పక్కన పెట్టింది, కానీ అప్పటి నుంచి ముందుకు మాత్రమే. పాత బాకీ పాత బాకీయే. ఇలాంటి చోట కంపెనీ నోరు మూసుకుని కూర్చుంటే వాటాదారులు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

కాబట్టి మాట్లాడక తప్పదు. మన భాషలో దీనికి రెండు మాటలున్నాయి, లాబీయింగ్, పైరవీ. మొదటిది పేపర్లో రాసేది, రెండోది టీకొట్టు దగ్గర అనేది. జనం రెండింటినీ ఒకటే అనుకుంటారు. వాళ్లనీ తప్పు పట్టలేం, ఆ అనుమానానికి కారణాలు చాలానే ఉన్నాయి.

అయితే మన దగ్గర బహిరంగంగా మాట్లాడే దారి ఒకటి ఉంది, అదీ నిజంగా బాగుంటుంది. 1997 ట్రాయ్ చట్టంలోని సెక్షన్ 11(4) ప్రకారం ట్రాయ్ పారదర్శకంగా పనిచేయాలి. అందుకే ఏ నిర్ణయానికైనా ముందు సంప్రదింపుల పత్రం విడుదల చేస్తుంది. అందులో వరస నంబర్లతో ప్రశ్నలుంటాయి. కంపెనీలు, సంఘాలు, నేనూ మీరూ ఎవరైనా జవాబు రాయొచ్చు. తర్వాత ఒకరి జవాబుకు ఇంకొకరు ప్రతి జవాబు రాస్తారు. ఆపైన ఓపెన్ హౌస్ పేరుతో ముఖాముఖి చర్చ. అన్నీ వెబ్‌సైట్‌లో పెడతారు. ఒక మధ్యాహ్నం కూర్చుని ఒకే ప్రశ్నకు జియో ఏం రాసిందో, ఎయిర్‌టెల్ ఏం రాసిందో పక్కపక్కన పెట్టి చదవండి, అత్తాకోడళ్ల తగువు చూసినంత వినోదం. ఆ పత్రాల్లో ఏ కంపెనీ అయినా తన వాదనకు లెక్కలు చూపిస్తుందా, లేక "పరిశ్రమ నష్టాల్లో ఉంది" అని ఒక్క వాక్యంతో సరిపెడుతుందా అన్నది చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

ఈ దారిని కూడా చెడగొట్టొచ్చు. 2015లో చూశాం. మార్చిలో ట్రాయ్ వాట్సాప్ వంటి సేవల నియంత్రణపై పత్రం పెట్టింది. ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. డబ్బు కట్టిన యాప్‌లను జనం డేటా ఖర్చు లేకుండా వాడుకోవచ్చు. జనం మండిపడితే ఫ్లిప్‌కార్ట్ అందులోంచి బయటికొచ్చింది. నెట్ అందరికీ సమానంగా ఉండాలంటూ పది లక్షలకు పైగా ఈమెయిళ్లు ట్రాయ్‌కు వెళ్లాయి. ట్రాయ్ వాటన్నిటినీ వెబ్‌సైట్‌లో పెట్టేసింది, పంపినవాళ్ల ఈమెయిల్ అడ్రసులతో సహా! పారదర్శకత అంటే ఇదా అని తిట్టని వాడు లేడు.

డిసెంబరులో రెండో అంకం. వేర్వేరు వెబ్‌సైట్లకు వేర్వేరు డేటా ధరలు పెట్టొచ్చా అని ట్రాయ్ అడిగింది. అప్పటికే రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి, కొన్ని వెబ్‌సైట్లను మాత్రం ఉచితంగా చూపించే ఫ్రీ బేసిక్స్ నడుపుతున్న ఫేస్‌బుక్ తన ఖాతాదారులకు ఒక బటన్ చూపించింది. నొక్కితే ఫ్రీ బేసిక్స్‌కు మద్దతుగా ముందే రాసిపెట్టిన ఈమెయిల్ ట్రాయ్‌కు పోతుంది. లక్షల్లో పోయాయి. చిక్కేమిటంటే ట్రాయ్ అడిగిన ప్రశ్నలు నాలుగు, ఆ ఈమెయిల్‌లో వాటిలో ఒక్కదానికీ జవాబు లేదు. అర్థవంతంగా సాగాల్సిన సంప్రదింపులను మందబలం చూపించే పోలింగ్‌గా దిగజార్చారని 2016 జనవరిలో ట్రాయ్ ఫేస్‌బుక్‌కు ఘాటుగా లేఖ రాసింది. ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల జరిమానా. ఆ స్థాయి కంపెనీలకు 50 లక్షలంటే టీ ఖర్చు, కానీ నియమం మాత్రం నిలిచింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈమెయిళ్లు రెండు వైపుల నుంచీ మూసలోనే వచ్చాయి. నెట్ సమానత్వం వాళ్లదీ సిద్ధం చేసిన జవాబే, కానీ అది ప్రశ్నలకు జవాబు. మనుషులు తెలిసి పంపారు. ఫేస్‌బుక్‌ది పెద్ద అంగడి యజమాని కొనుగోలుదారుల చేత సంతకాలు పెట్టించుకోవడం లాంటిది.

అమెరికాలో ఇది ఇంకా ముదిరింది. 2017లో అక్కడి నియంత్రణ సంస్థ నెట్ సమానత్వ నియమాలు రద్దు చేయబోతూ ప్రజాభిప్రాయం అడిగితే 2.2 కోట్ల వ్యాఖ్యలు వచ్చాయి. న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం వాటిలో 1.8 కోట్లు నకిలీవి. వాటిలో 85 లక్షల దాకా పెద్ద బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారం నుంచి వచ్చాయి. పేర్లు సేకరించే ఏజెన్సీలు అసలు మనుషుల పేర్లూ అడ్రసులూ వాడి, వాళ్లకు తెలియకుండానే వాళ్ల మాటగా పంపేశాయి. ఈ మోసం కంపెనీలకు నేరుగా తెలుసని ఆధారాలు దొరకలేదని నివేదిక చెప్పింది. అనుమానం రావాల్సిన గుర్తులు కళ్లెదుటే ఉన్నా పట్టించుకోలేదనీ చెప్పింది. రెండో వైపూ పవిత్రమేం కాదు. ఒక 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు ఒక్కడే నెట్ సమానత్వం తరఫున 77 లక్షల దొంగ వ్యాఖ్యలు పంపాడు. కాంట్రాక్టుకిచ్చి "మాకు తెలియదు" అనడం మన ఊళ్లలో కూడా బాగా పాతబడిన సాకే.

ఇప్పుడు నాలుగు గోడల మధ్యకు వెళ్దాం. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రంలో ఏటీ అండ్ టీకి ఒక పాత భారం ఉండేది. ఎవరడిగినా ల్యాండ్‌లైన్ ఇవ్వాల్సిందేనన్న చట్టం. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్ వచ్చాక ఆ రాగి తీగలను పోషించడం దండగని కంపెనీ వాదన. ఆ వాదనలో తప్పేమీ లేదు, అలాంటి మార్పు కావాలని బాహాటంగా అడగొచ్చు. కానీ 2017లో బిల్లు గట్టెక్కాలంటే రాష్ట్ర స్పీకర్ మైకేల్ మాడిగన్ మనసు కావాలి. ఆయన దశాబ్దాలుగా అక్కడ పెద్ద తల. ఆయన మనిషి ఒకరికి కంపెనీ తన లాబీయింగ్ సంస్థ ద్వారా 22,500 డాలర్లు ఇప్పించింది. ఆ మనిషి చేసిన పని ఏమీ లేదు. బిల్లు పాసైంది. 2022 అక్టోబరులో ఏటీ అండ్ టీ ఇలినాయ్ ఈ సంగతి ఒప్పుకుని 2.3 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. మాడిగన్‌కు 2025లో వేరే అభియోగాల్లో ఏడున్నరేళ్ల శిక్ష పడింది. ఏటీ అండ్ టీ అభియోగంపై మాత్రం జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. ఇచ్చిన సొమ్ముకు వెయ్యి రెట్లు జరిమానా. అడిగిన కోరిక న్యాయమైనదే అయినా, దొడ్డిదారిన అడిగితే అదే కంపెనీ మెడకు చుట్టుకుంది.

అమెరికాలో లాబీయిస్టులు నమోదు చేసుకోవాలి, ఎవరి తరఫున ఎంత ఖర్చు పెట్టారో మూడు నెలలకోసారి చెప్పాలి. 1995 నుంచి కేంద్రస్థాయిలో ఆ చట్టం ఉంది. మన దగ్గర లాబీయింగ్ నమోదుకు చట్టమే లేదు. లేదు కాబట్టి లాబీయింగ్ లేదని అర్థం కాదు. 2010లో నీరా రాడియా ఫోన్ సంభాషణలు బయటికి వచ్చినప్పుడు టాటాలకూ, రిలయన్స్‌కూ పీఆర్ చూసే మనిషి మంత్రి పదవులెవరికో కూడా మాట్లాడుతున్నారని దేశం నోరు వెళ్లబెట్టింది.

అప్పటి 2జీ వ్యవహారంలో నాకు ఎప్పుడూ మర్చిపోలేనిది ఒక మధ్యాహ్నం. 2008 జనవరి 10. లైసెన్సులకు డబ్బు కట్టి పత్రాలు తెచ్చుకోండని టెలికాం శాఖ ప్రకటించింది, ముందొచ్చినవాళ్లకు ముందు. కోట్ల రూపాయల డీడీ ఒక పూటలో తయారవుతుందా? కొందరి దగ్గర తయారుగా ఉన్నాయి, ప్రకటనకు ముందు తేదీతోనే. కాగ్ నివేదిక ఈ సంగతి రాసింది. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. 2017 డిసెంబరులో సీబీఐ ప్రత్యేక కోర్టు అప్పటి టెలికాం మంత్రి ఎ.రాజా సహా నిందితులందరినీ నిర్దోషులంది. నేరం రుజువు కాలేదు, కానీ విధానం చెడిందన్న సుప్రీం తీర్పు అలాగే ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజమే.

విరాళాల సంగతి కూడా చెప్పుకోవాలి. కంపెనీల చట్టం సెక్షన్ 182 ప్రకారం గత మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతం దాకా పార్టీలకు ఇవ్వొచ్చు, ఏ పార్టీకి ఎంతో లెక్కల్లో చూపాలి. 2017లో ఆ పరిమితిని ఎత్తేశారు, పేరు చెప్పక్కర్లేదన్నారు. ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పరిమితి ఎత్తివేతనూ, బాండ్లనూ కొట్టేసింది. ఆ తర్వాత బయటికొచ్చిన కొనుగోలుదారుల జాబితాలో టెలికాం రంగం నుంచి భారతి ఎయిర్‌టెల్ పేరూ ఉంది. బాండు కొనడం అప్పుడు చట్టబద్ధమే. కానీ ఎవరికిచ్చారో కోర్టు చెప్పేదాకా దాచుకునే వీలు ఉన్నంత కాలం, తనంతట తానే వాటాదారులకు చెప్పిన కంపెనీని ఎవరైనా ఎక్కువ నమ్ముతారు.

ఇంతదాకా కంపెనీ సర్కారును అడగడం. ఇప్పుడు తిరగేసి చూద్దాం, సర్కారు కంపెనీని అడగడం. 2022 మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో గొడవలై మంత్రి ఇల్లు తగలబడింది. కోనసీమలో ఇంటర్నెట్ ఆగిపోయింది. అప్పుడింకా వర్క్ ఫ్రం హోం రోజులు. రోజూ మేనేజర్‌కు కనపడాల్సిన సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్ సంచిలో సర్దుకుని పక్క జిల్లాలకు పోవాల్సి వచ్చింది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "మీ ప్రాంతంలో సాంకేతిక సమస్య" అన్న జవాబు వస్తే ఎంత మండుతుందో ఊహించండి. అప్పుడు అమల్లో ఉన్న 2017 నియమాల ప్రకారం ఇలాంటి ఆదేశం మామూలుగా కేంద్ర లేదా రాష్ట్ర హోంశాఖ కార్యదర్శి నుంచి రావాల్సి ఉండేది. 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను బహిరంగంగా ప్రచురించాలంది. అయినా నెట్ పోయినవాళ్లకు కారణం తెలిసేది కంపెనీ చెబితేనే. ఆదేశాన్ని ధిక్కరించమని ఎవరూ అనరు, లైసెన్సు పోతుంది. "ఫలానా ఆదేశం ప్రకారం, ఫలానా తేదీ దాకా" అని ఒక్క ఎస్‌ఎమ్‌ఎస్ పంపడానికి మాత్రం పెద్ద ధైర్యం అక్కర్లేదు.

నిఘా సంగతి ఇంకా కష్టం. 2014 జూన్‌లో వొడాఫోన్ 29 దేశాల్లో పోలీసులూ ప్రభుత్వాలూ తమను ఏమేం అడుగుతున్నారో ఒక నివేదిక వేసింది. కొన్ని దేశాల్లో సర్కారు తీగ నేరుగా తమ నెట్‌వర్క్‌లోకే ఉందని రాసింది. ఇండియా దగ్గరికొచ్చేసరికి అంకెలు లేవు. ఇక్కడి చట్టం ప్రకారం చెప్పకూడదు అని రాసి వదిలేసింది. చెప్పలేకపోయామని చెప్పడం కూడా ఒక సమాచారమే.

యూనినార్ గుర్తుందా? ఆ సిమ్ మన తెలుగు రాష్ట్రాల్లోనూ తిరిగింది. దాని వెనక నార్వే కంపెనీ టెలినార్ ఉండేది. 2012లో రద్దయిన లైసెన్సుల్లో దానివీ ఉన్నాయి, మళ్లీ వేలంలో కొనుక్కుని చివరికి 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. అదే టెలినార్ మయన్మార్‌లో 1.8 కోట్ల మంది ఖాతాదారులతో ఉండగా 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. ఏ సైట్ ఆపమన్నారో, ఎప్పుడు నెట్ కట్ చేయమన్నారో టెలినార్ తేదీలతో సహా తన వెబ్‌సైట్‌లో రాయడం మొదలెట్టింది. ఫిబ్రవరి 14న ఆ పేజీ ఆగింది. ఇక వెల్లడించడం సాధ్యం కాదని మాత్రం చెప్పింది. నిఘా పరికరాలు ఆన్ చేయమన్న ఒత్తిడికి లొంగలేక మొత్తం వ్యాపారాన్ని 10.5 కోట్ల డాలర్లకు అమ్మేసి 2022 మార్చిలో బయటపడింది. అయితే వ్యాపారంతో పాటు 1.8 కోట్ల మంది కాల్ వివరాలు కూడా కొత్త యజమానికి పోయాయి, ఆ కొత్త యజమానికి అక్కడి స్థానిక కంపెనీ భాగస్వామి. ఉద్యమకారులు దాని మీద ఫిర్యాదు చేశారు. ఉంటే తప్పు, పోతే తప్పు. అలాంటి చోట మంచి కంపెనీ ఏం చేయాలో నాకూ తెలియదు. వెళ్లే ముందు ఆ వివరాలను చెరిపేయడానికి వీలుందా అని మొదటి రోజే అడిగి ఉండాల్సింది అనిపిస్తుంది.

మళ్లీ ఇంటికొస్తే, ఇప్పటి గొడవ ఆకాశంలో ఉంది. ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికొచ్చే ఇంటర్నెట్. దానికి తరంగాలు వేలం వేయాలా, ప్రభుత్వమే కేటాయించాలా? 2023 టెలికాం చట్టం కేటాయించొచ్చంది. జియో వేలం కావాలంది. 2024 అక్టోబరులో ఎయిర్‌టెల్ అధినేత సునీల్ మిత్తల్ కూడా ఉపగ్రహ కంపెనీలు పట్టణాల్లోకి వచ్చేట్టయితే మా మాదిరే స్పెక్ట్రం కొనాలన్నారు. 2025 మార్చి 11న ఎయిర్‌టెల్ ఉపగ్రహ ఇంటర్నెట్ కంపెనీ స్టార్‌లింక్‌తో ఒప్పందం చేసుకుంది. 12న జియో చేసుకుంది. మే నెలలో ట్రాయ్ ఉపగ్రహ స్పెక్ట్రానికి ఏజీఆర్‌లో 4 శాతం చార్జీ చాలని సిఫార్సు చేసింది. అదే నెల చివర్లో, జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలు సభ్యులుగా ఉన్న పరిశ్రమ సంఘం సీఓఏఐ టెలికాం శాఖకు లేఖ రాసి, అది మరీ చవక, మాకు అన్యాయం అంది.

వ్యాపారంలో మనసు మారడం వింత కాదు. స్టార్‌లింక్‌తో ఒప్పందాలు చేసుకుంటూనే దానికి తరంగాలు ఖరీదు చేయమనడంలో కూడా ఒక తర్కం ఉండొచ్చు. ఉంటే దాన్ని రాయాలి. సంఘం పేరుతో వెళ్లిన ఆ లేఖ కింద ఒక్క వాక్యం సరిపోయేది: మా సభ్యుల్లో ఇద్దరికి స్టార్‌లింక్‌తో ఒప్పందాలున్నాయి, అయినా మేమీ మాట ఎందుకంటున్నామంటే...